నంది మార్కా, హంస మార్కా

ఇంజను తల కింద మంట పెట్టి, అది ఎర్రబడేదాకా దస్తగిరి బీడీ తాగుతూ గొంతుక్కూర్చున్నాడు. ఎంత కాలిందో కంటితో చూడనక్కర్లేదు, మంట చప్పుడును బట్టే ఆయనకు తెలిసిపోతుంది. తర్వాత లేచి, లుంగీ మడిచి కట్టి, పెద్ద చక్రాన్ని వెనక్కి ఒక ఊపు ఊపి వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆపైన అందుకుంది. గోడమీది సున్నం కాస్త రాలింది. ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లకు తెల్లవారేది ఆ చప్పుడుతోనే.

మనిషి పొడుగు. చక్రం తిప్పీ తిప్పీ కుడిచేయి ఎడమచేతికన్నా లావయింది. గోళ్లలోని నలుపు పెళ్లినాడు కూడా వదల్లేదని భార్య మాబున్ని ఇప్పటికీ దెప్పుతుంది. ముందుపన్ను ఒకటి లేదు. అది లేకపోవడం వల్ల నవ్వు తగ్గలేదు సరికదా, ఇంకొంచెం బయటికి వచ్చింది.

ఈ వేరుశెనగ మిల్లు పెట్టిన రోజు పెద్దరెడ్డి చేతిలో చెయ్యేసి, ఇంజను నడిచినంతకాలం దాన్ని విడిచిపోనని దస్తగిరి మాటిచ్చాడు. పెద్దరెడ్డి పోయాడు, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది, మాట మాత్రం మిల్లులోనే ఉంది. మాబున్ని ఉండేది సింహాద్రిపురంలో. పుట్టింటివాళ్లిచ్చిన కాస్త చేను, మేకలు విడిచి ఆమె రాదు. ఇంజను విడిచి ఈయన పోడు. ఇంజను చెడిపోయి, సామాను మద్రాసు నుంచి రావలసి వచ్చినప్పుడే ఆయన ఇంటిముఖం చూసేది. 'ఇంజను పడకేస్తే దస్తగిరికి పండగ' అని మిల్లులో ఒక మాట పుట్టింది. అది చెడిపోవాలని మాబున్ని దర్గాలో చక్కెర చదివించేది. ఈయన ఇక్కడ రోజూ నూనె పోసి, తుడిచి, ఆ మొక్కు ఫలించకుండా చూసుకునేవాడు. పాపం, ఇద్దరిదీ భక్తే.

ఇప్పుడు మిల్లుకు కరెంటు వచ్చింది. మోటారు దిగింది. ఇక తేలవలసింది ఆ మోటారును నడిపే స్టార్టరు పెట్టె ఏ కంపెనీది కొనాలన్నదే. ఇద్దరు ఏజెంట్లు చెరొకటి తెచ్చి గోడకు బిగించి, నడిపి చూసి నచ్చింది ఉంచుకొమ్మన్నారు. నంది మార్కు పెట్టెకు పొడుగాటి హ్యాండిలు. మోటారు వేగం అందుకునేదాకా ఒకవైపు పట్టుకుని, అదను చూసి రెండోవైపుకు తోయాలి. పక్కన తెలిసిన మనిషి ఉండాల్సిందే. హంస మార్కుకు రెండే బటన్లు, పచ్చది, ఎర్రది. పచ్చది నొక్కితే తక్కినదంతా అదే చూసుకుంటుంది. నంది వస్తే దస్తగిరి ఉంటాడు, హంస వస్తే ఆయనకు పని ఉండదు. ఈ సంగతి మిల్లులో పిచ్చుకలకు కూడా తెలుసు.

పెద్దరెడ్డి కొడుకు ఆదినారాయణ మెత్తని మనిషి. "నువ్వు ఏది చెప్తే అదే కొంటా మామా" అని నిన్ననే అన్నాడు. నందినే చెప్పమని ఆ మాటకు అర్థం.

గుమాస్తా మల్లికార్జునయ్య అంతవరకూ కూడా ఆగలేదు. సాక్షాత్తూ శివుడి వాహనం గుమ్మంలోకి వస్తే ఇంకా ఆలోచనేమిటని, పొద్దున్నే తానం చేసి వచ్చి, నంది పెట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, హ్యాండిలుకు పూలదండ చుట్టి, కొబ్బరికాయ కొట్టేశాడు. కాయనీళ్లు పెట్టెలోకి పోకపోవడం కూడా ఆ శివుడి దయే.

కాయలు ఏరే యశోదమ్మ చేట పట్టుకుని వచ్చి చూసింది.

"నందినే చెప్పన్నా. నువ్వు పోతే మేము నవ్వేదానికి ఈడ ఎవురుండారు?"

"మల్లికార్జునయ్య ల్యాడా" అన్నాడు దస్తగిరి.

మధ్యాహ్నం ఉన్న బస్తాలు ఆడించి, ఇంజను ఆపి, బెల్టు తీసి మోటారుకు తొడిగారు. దస్తగిరి పూలదండ పక్కకు జరిపి నంది హ్యాండిలు పట్టుకున్నాడు. మోటారు మూలిగి లేచింది. దాని గొంతు సన్నబడే క్షణం కోసం చెవి రిక్కించి, తోశాడు. హ్యాండిలు టక్కున కూర్చుంది. పాత స్నేహితుడు చెయ్యి కలిపినట్టనిపించి ముఖమంతా విచ్చుకుంది. మల్లికార్జునయ్య అప్పుడే గెలిచినట్టు కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

తర్వాత హంస. పచ్చ బటను నొక్కాడు. మోటారు లేచింది, గొంతు సన్నబడింది. దస్తగిరి కుడిచేయి దానంతటదే లేచి, లేని హ్యాండిలును తోసింది. అంతకుముందే పెట్టెలో టక్కుమంది. యశోదమ్మ ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు, నవ్వుతూనే ఆ చేతిని చూసుకున్నాడు. దానికి పని లేదు. ఆ వెనకే ఇంకో సంగతి తోచింది. ఇంజను ఆగింది. చెడిపోయి కాదు, పని అయిపోయి ఆగింది. పెద్దరెడ్డికిచ్చిన మాట తప్పకుండానే తీరిపోయింది. ఇప్పుడు నంది అంటే మళ్లీ కొత్తగా మాటిచ్చినట్టే.

"హంస కొను అప్పా."

ఆదినారాయణ అదిరిపడ్డాడు. "నీ కూడు నువ్వే తన్నుకుంటాండావు మామా. యాడికి పోతావు?"

"ఇంటికి. మాబున్నిని ఇన్నేండ్లూ సుట్టం మాదిరి చూసొచ్చినా. ఇంక దినామూ చూసి, దినామూ తిట్లు తినల్లని ఉండాది."

ఆదినారాయణ పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "అది సరే. బొట్టు పెట్టి కాయ కొట్టిన నందిని వాపసు ఎట్ల పంపేది?" అన్నాడు.

అందరూ గుమాస్తా వైపు చూశారు. ఆయన చేతిలోని కొబ్బరిచిప్పను వెనక దాచుకున్నాడు.

"మైదుకూరులో మీ బావ వడ్ల మిల్లు పెడతాండాడు గదా, ఆయప్పకు పంపు" అన్నాడు దస్తగిరి. "పూజ చేసి పంపినామంటే ఇంకా సంతోషపడతాడు."

బటను నొక్కే పనికి ఆయన యశోదమ్మను చూపించాడు. ఆమె జంకింది.

"కరెంటు కొడితేనో?"

"తడి చేతుల్తో ముట్టొద్దు, తడి నేలమీద నిలబడొద్దు. పచ్చది పొద్దున, ఎర్రది మాపున. అంతేమ్మా."

ఆమెకు పెట్టె అందలేదు. మునివేళ్లమీద లేచి, గోడ పట్టుకుని నొక్కింది. దస్తగిరి ఆమె మడమల కింది ఖాళీని చూశాడు.

సాయంత్రం దాకా ఇంజను గదిలో సుత్తి చప్పుడు వినిపించింది. ఇంజనుతో కడసారి ఏదో తంటాలు పడుతున్నాడనుకుని, కదిలించడం ఇష్టంలేక ఎవరూ అటు పోలేదు. పొద్దు వాలాక దస్తగిరి ఇంటికి పోను జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కాడు. ఆదినారాయణ బస్టాండు దాకా వచ్చి కిటికీలోంచి మూట అందించాడు. మళ్లీ ఎప్పుడొస్తావని కండక్టరు అలవాటుగా అడిగాడు. "ఇంక వచ్చేది ల్యాదప్పా" అని దస్తగిరి పన్ను లేని నోటితో బస్సంతా చూసేట్టు నవ్వాడు.

మర్నాడు ఆ వీధి ఆలస్యంగా లేచింది. యశోదమ్మ చేతులు పైటకు రెండుసార్లు తుడుచుకుని పెట్టె దగ్గరికి పోయింది. గోడవారగా ఒక పీట ఉంది. హంస పెట్టె ప్యాకింగు చెక్కలతో చేసిన పీట. ఎక్కేముందు వంగి, ఎత్తి చూసింది. చెక్కమీద అచ్చేసిన హంసబొమ్మ సరస్వతి వాహనం కదా, ఆమె కాళ్లతో తొక్కకుండా దాన్ని అడుగువైపుకు తిప్పి మేకులు కొట్టాడు దస్తగిరి. పీటను కళ్లకద్దుకుని, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి ఎక్కింది. చెయ్యి సరిగ్గా పచ్చ బటను దగ్గరికి వచ్చింది. మోటారు లేచింది. భయంతో ఆమె ఒళ్లంతా ఊగింది గాని పీట ఊగలేదు. పొట్టిగా వచ్చిన ఒక కాలి కింద బీడీకట్ట కాగితం మడతలు పెట్టి ఉంది.