ముందు కొత్తదానికి

కొత్త ఐస్‌క్రీమ్ పుల్లను భార్య రంజని బొటనవేలికి గుడ్డపేలికతో కట్టి, కీబోర్డు మీద పొడుగు మీటకు ఆనించాడు శ్రీరంగనాథ్. ఆమె మూతి తుడిచాడు. నరాల జబ్బు అన్నీ లాక్కుని ఆమెకు మిగిల్చింది ఆ వేలొక్కటే. తెరపై అక్షరాలు వరుసగా వెలుగుతుంటే కావలసినచోట నొక్కేది. కంప్యూటరు ఆమె బదులు మాట్లాడేది. గట్టిగా నొక్కిపడితే “రామమ్మా, రా!” అని పక్కనున్న రామమ్మ గాజుల కొట్టుదాకా అరిచేది.

అరిస్తే కదా! కాసేపు వాడకపోతే ఆ ప్రోగ్రాం బిగుసుకుపోయేది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాం అది. లోపం ఎక్కడుందో శ్రీరంగనాథే కనిపెట్టాడు. కానీ ఆ ప్రోగ్రాంకు రెండు బ్రాంచిలు, పాతదీ కొత్తదీ. పాతది ఈ ఇంట్లో ఉన్నటువంటి ముసలి కంప్యూటర్లకు. అందులోకి ఇక ఎవరి దిద్దుబాటూ తీసుకోరు, ఎవరిది వాళ్లు ఇంట్లో దిద్దుకోవాల్సిందే. కొత్తదానికి రాస్తే తీసుకుంటారు, రాసినవాడి పేరు వేస్తారు. ఆ కొత్తది ఈ ఇంట్లో నడవదు.

“ముందు మనదానికి చెయ్యండి,” అంది కంప్యూటరు.

“కొత్తదానికి ఈపొద్దే ఆఖరు. మనది ఆదివారం చేస్తాలే.”

ఆమె మళ్లీ నొక్కబోయింది. అతను బస్సుకు పరుగెత్తాడు.

నంద్యాల కాలేజీలో అతను ల్యాబ్ అసిస్టెంటు. దుమ్ము తుడవడం, వైర్లు బిగించడం, పిల్లల చేత “ఇదిగో” అని పిలిపించుకోవడం. “ఆడ నీ పేరు పడనీప్పా, ప్రోగ్రామర్ పోస్టుకు నేను చెప్తా,” అని ఉన్నాడు డిపార్టుమెంటు హెడ్డు రాజశేఖర్. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాడు పాపం. పాపమేమిటి, పాడు మనిషి! పాతదానికి గంట పని. ఆ గంట ఆమెకివ్వలేదు.

ల్యాబులో అడుగుపెట్టగానే కొత్తదానికి దిద్దుబాటు పంపాడు. మధ్యాహ్నం జవాబొచ్చింది: తీసుకున్నాం, ధన్యవాదాలు. తెర మీద తన పేరు చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. రాజశేఖర్ టీ తెప్పించాడు.

“ఆ పోస్టు మేనేజ్‌మెంటోళ్ల అల్లునికి ఇచ్చినారప్పా, పొద్దున్నే. ఏం చేస్తాం. తాగు, చల్లారిపోతాంది.”

టీ సగంలో ఉండగా రామమ్మ ఫోన్ చేసింది.

“బేగా రాప్పా. గొంతుకు కఫం అడ్డం పన్యాట్లుంది. మిషను పిలవనే లేదు, నిద్రపోతాందనుకున్యా...” అంటూ ఏడ్చింది.

అతను ఆళ్లగడ్డలో ఇల్లు చేరేసరికి రంజనిని చాప మీదికి దించి ఉన్నారు. తెర మీద ఒక అక్షరం వెలుగుతూ అక్కడే ఆగిపోయింది. అతను పొడుగు మీట నొక్కాడు. గట్టిగా నొక్కిపట్టాడు. ఏమీ పలకలేదు.

కీబోర్డు పక్కన, రామమ్మ విప్పి పెట్టిన ఐస్‌క్రీమ్ పుల్ల, నడిమికి విరిగి ఉంది.