ముప్పై రెండో సంతకం

టికెట్ మెషీన్‌లో ఆ ఊరి పేరు లేదు. మూడుసార్లు పైకీ కిందికీ జరిపి చూశాను. తెలకపల్లి ఉంది, దాని తర్వాత మెయిన్ రోడ్డు స్టేజీ ఉంది, నాగర్‌కర్నూల్ ఉంది. బోడగుట్టపల్లి మాత్రం లేదు. ఇరవై ఆరు నెలల కిందట ఆ ఊరికి బస్సు ఆపేసినప్పుడే పేరు కూడా తీసేశారు.

"సార్, ఈ ఊరు మెషీన్ల లేదు. టికెట్ ఎట్ల కొట్టాలె?" అని అడిగాను.

"స్టేజీ నుంచి కొట్టు. అన్నీ నీకు చెప్పాల్నా రాజేశ్వరీ?" అన్నాడు చంద్రశేఖర్ సార్. మా డిపోలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ ఆయన. డిపో పేరు చెప్పను. ఉన్న తలనొప్పి చాలు నాకు.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మా బస్సు బోడగుట్టపల్లి బడి ముందు ఆగడానికి కారణం అసెంబ్లీ. ఆ ఊరి పిల్ల ఒకతె రాసిన అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ప్రశ్న వేశాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎన్ని ఊళ్లకు బస్సులు ఆపేశారు, బోడగుట్టపల్లికి రెండేళ్లుగా బస్సు లేని మాట నిజమేనా అని. పది గంటలకు మంత్రిగారు సభలో లేచి జవాబు చెప్పాలి. కింది నుంచి పైకి వెళ్లిన జవాబులో "కాదండి, రోజూ రెండు ట్రిప్పులు నడుస్తున్నాయి" అని ఉంది. ఎవరు రాశారో ఏమో, రాసేశారు. రాశాక భయం పుట్టింది. ఎమ్మెల్యే రుజువు అడిగితే ఎలా? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, కండక్టర్‌ని నన్నూ డ్రైవర్ సాయన్ననూ లేపి, ముందు అద్దానికి ఊరి పేరు రాసిన బోర్డు తగిలించి పంపారు. వెనకాలే జీపులో సార్.

బస్సు హారన్ విని జనం ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చారు. జమ్ములమ్మ అనే ముసలావిడ బస్సు డొక్క మీద చెయ్యి వేసి, "ఏంది బిడ్డా, తొవ్వ తప్పి వచ్చిన్రా?" అంది. అందరూ నవ్వారు. సాయన్న కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకొచ్చామో తెలుసు కనుక.

బడిలోంచి బల్ల తెప్పించి సార్ దాని మీద ఒక కాగితం పెట్టాడు. టైపు చేసిన నాలుగు వరుసలు, కింద సంతకాలకు జాగా. "పెట్టండి, పెట్టండి. సంతకాలు పెడితే రోజూ వస్తది బస్సు. పెట్టకపోతే నా చేతుల ఏం లేదు," అన్నాడు.

మొట్టమొదట ముందుకొచ్చినవాడు బాలకిష్టయ్య. రెండెకరాల పత్తి రైతు. కూతురు సౌజన్య నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం. స్టేజీ దాకా నాలుగు కిలోమీటర్లు, మధ్యలో వాగు. చలికాలం కదా, సాయంత్రం ఆ పిల్ల స్టేజీలో దిగేసరికే చీకటి పడుతుంది. పోయిన వారం ఎవడో బండి మీద వాగు దాకా వెంటపడ్డాడట. ఆ రాత్రే బాలకిష్టయ్య తేల్చేశాడు, ఈ నెలాఖరులోగా బస్సు రాకపోతే కాలేజీ బంద్ అని. ఇవన్నీ ఆయనే సార్‌కు చెప్పి, పెన్ను అందుకుని, దేవుడికి మొక్కినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు. ఆయన వెనుక వరుస కట్టారు. సంతకాలు, వేలిముద్రలు కలిసి ముప్పై ఒకటయ్యాయి. పెట్టినవాళ్లలో చాలామంది వెంటనే కూలికి, చేన్లకు వెళ్లిపోయారు.

అప్పుడు వచ్చింది సౌజన్య. బక్కపల్చటి పిల్ల, భుజాన సంచీ. పెన్ను తీసుకోలేదు. ముందు కాగితం చదివింది.

"సార్, గత రెండేండ్ల సంది రోజూ బస్సు వస్తుందని రాసిన్రు గద?"

"ఏదో ఒకటి రాస్తరమ్మా. నీకు బస్సు కావాల్నా వద్దా?"

"కావాలె."

"మరి పెట్టు."

"గిట్ల రాసినదానికి పెడితే, రేపు బస్సు రాకుంటే ఎవరికి చెప్పుకోవాలె సార్? వస్తలేదని అనేటందుకు మాకు నోరుంటదా? మీరే రాసిచ్చిన్రు కదా అంటరు."

బాలకిష్టయ్య కూతురి రెక్క పట్టుకున్నాడు. "ఏందే నీ లొల్లి! నీ కాలేజీ కోసమే గద నేను పెట్టింది. పెట్టి బస్సెక్కు."

"నాయినా, అర్జీ రాసింది నేను. రెండేండ్ల సంది బస్సు లేదని నేనే రాసిన. ఇప్పుడు ఉన్నదని నేనే ఎట్ల రాయాలె?"

ఆయన చెయ్యి లేచింది. కొడతాడనే అనుకున్నాను. జమ్ములమ్మ మధ్యలోకి వచ్చి, "ఆగురా బాలకిష్టా, పిల్ల చదివి మాట్లాడుతుంది. మనం చదవకుంట వేలు పెట్టినం," అంది. లేచిన చెయ్యి దిగింది. కానీ ఆయన ముఖం చూడలేకపోయాను. కూతురు ఒక్క మాటతో బస్సును పోగొడుతోందని ఆయన భయం. అది కోపం కాదు.

సౌజన్య వంగి, ముప్పై ఒక్క గుర్తుల కింద రాసింది. తల వంచి నేనూ చదివాను. "ఇరవై ఆరు నెలల తరువాత మా ఊరికి బస్సు ఈ రోజే వచ్చింది. ఇట్లు, ఎం. సౌజన్య." తారీకు వేసింది, సమయం కూడా వేసింది.

సార్ ముఖం ఎర్రబడింది. తొమ్మిదిలోగా ఫోటో హైదరాబాద్ చేరాలి. కొత్త కాగితం మీద మళ్లీ పెట్టిద్దామంటే మనుషులు లేరు. ఒక్క క్షణం ఆలోచించి, కాగితం అడుగు భాగాన్ని వెనక్కి మడిచాడు. గోరుతో గీసి మడత నొక్కాడు. ఫోటో తీసి పంపేశాడు.

నేను గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టాను. పోగు తెగితే ముడి కనబడకుండా వేయడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కాకపోతే మా అమ్మ ముడి వేసేది చీర నిలవడానికి.

"ఇది నీ సంచీల పెట్టుకో. డిపోల ఇయ్యి. విప్పకు," అని కాగితం నా చేతిలో పెట్టి, సార్ జీపెక్కాడు. ఇంకో రెండు ఊళ్లు చూసుకోవాలట.

తొమ్మిదిన్నరకు బస్సు కదిలింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు కొడుతూ సౌజన్య సీటు దగ్గరికి వచ్చాను. టికెట్ తిప్పి చూసి, "అక్కా, దీంట్ల మా ఊరి పేరు లేదు," అంది.

"మెషీన్ల లేదు బిడ్డా."

"అంటే మేము ఎక్కడ ఎక్కినట్టు?"

తర్వాతి సీటుకు వెళ్లాను. వాగు దాటాక ఆ పిల్లే లేచి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, ఆ కాగితం ఒక్కసారి విప్పి చూపిస్తరా? ఫోటో తీస్కుంట. ఎమ్మెల్యే సార్ పీఏ నంబరు నా దగ్గర ఉన్నది."

"పో, పోయి కూర్చో," అన్నాను గట్టిగా.

కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆమె పక్కన బాలకిష్టయ్య కూడా ఉన్నాడు.

పోయిన ఏడాదే ఒక మెమో తిన్నాను. ఇంకొకటి వస్తే ఇంటికే. మా ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్ని. ఎవరి ఊరో, ఎవరి పిల్లో, నాకెందుకు? పదిహేనేళ్లుగా ఇదే మాట అనుకుంటూ డ్యూటీ చేశాను. టైము చూశాను. తొమ్మిదీ నలభై రెండు. మెయిన్ రోడ్డు స్టేజీలో బస్సు ఆగింది. చేతిలో చెప్పులు పట్టుకుని నలుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఇంకో ఊరి నుంచి వాగులో నడిచి వచ్చినవాళ్లు, కాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

వాళ్లు ఎక్కాక నేను సౌజన్య పక్కకు వెళ్లి నిలబడ్డాను. సంచీలోంచి కాగితం తీసి మడత విప్పి, రెండు చేతులతో పట్టుకున్నాను. కాగితం కదలకుండా బాలకిష్టయ్య ఒక అంచు పట్టుకున్నాడు. సౌజన్య ఫోటో తీసి పీఏకు పంపాక మళ్లీ అదే మడత మీద మడిచి లోపల పెట్టేశాను.

నాగర్‌కర్నూల్ బస్టాండులో ఆగేసరికి పదీ ఐదు. ఎవరూ దిగలేదు. సౌజన్య ఫోన్‌లో సభ వస్తోంది. అందరం ఆ చిన్న తెర మీదికి వంగాం. వేరే ఊరి దవాఖాన మీద ఏదో ప్రశ్న నడిచింది. తర్వాత మాది.

మంత్రిగారు లేచారు. కాగితంలో చూసి చదివారు. "కాదండి. ఆ గ్రామానికి రోజూ రెండు ట్రిప్పులు నడుస్తున్నాయి. ఈ విషయాన్ని ధ్రువీకరిస్తూ గ్రామస్తులు ముప్పై ఒక్క మంది సంతకాలు చేశారు, అధ్యక్షా."

బాలకిష్టయ్య తల దించుకున్నాడు. ఎమ్మెల్యే లేచాడు. ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు. ఫోటో తెరుచుకోలేదా? పీఏ చూపించలేదా?

"అధ్యక్షా, ముప్పై ఒక్కరు కాదు, ముప్పై ఇద్దరు. ముప్పై రెండో ఆమె ఏం రాసిందో మంత్రిగారికి మడిచి పంపినట్టున్నారు. నేను విప్పి చదువుతాను," అని, సౌజన్య రాసిన వాక్యాన్ని తారీకుతో, సమయంతో సహా చదివాడు.

సభలో గోల మొదలైంది. మంత్రిగారు వెనక్కి తిరిగి అధికారుల వైపు చూశారు. ఒక చీటీ వచ్చింది. చదివి పక్కన పెట్టేశారు. "నాకు వచ్చిన సమాచారం తప్పయితే విచారణ చేయిస్తాను. రేపటి నుంచి ఆ ఊరికి బస్సు నడుస్తుందని సభకు హామీ ఇస్తున్నాను," అన్నారు.

బస్సులో చప్పట్లు కొట్టారు. అంతలోనే నా ఫోన్ మోగింది. చంద్రశేఖర్ సార్.

"కాగితం ఏడున్నది?"

"నా సంచీల ఉన్నది సార్."

"విప్పినవా?"

సౌజన్య నా చెయ్యి పట్టుకుని, "నేను గుంజుకున్నా అని చెప్పు అక్కా, నన్నేం చేస్తరు?" అని గుసగుసగా అంది. మంచి మాటే. చెబితే బతికిపోయేదాన్ని. కానీ ఆ పిల్ల పొద్దుటి నుంచి ఒక్క అబద్ధం కింద పేరు పెట్టలేదు. ఇప్పుడు నా కోసం పెట్టించనా?

"విప్పిన సార్. నేనే విప్పిన," అన్నాను.

సస్పెన్షన్ కాగితం సాయంత్రానికే వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, అధికారిక పత్రాన్ని బయటివారికి ఎందుకు చూపించావో చెప్పాలి అని. ఐదు రోజులు రాస్తూ చించుతూ గడిపాను. భయం లేదంటే అబద్ధం. అన్నం సహించలేదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను.

ఆరో రోజు సాయంత్రం తలుపు దగ్గర సౌజన్య నిలబడి ఉంది. బాలకిష్టయ్య కాస్త వెనకగా, చేతిలో కందికాయల మూట. ఇల్లు సాయన్న చూపించాడట.

"పొద్దుగాల, పొద్దుమీకి, రెండుసార్లూ వస్తుంది అక్కా," అంది. పుస్తకంలోంచి ఆ పొద్దున బస్సులో కొట్టిన టికెట్ తీసి ఇచ్చింది. సున్నా టికెట్. మొదటి వరుసలో ఊరి పేరు: బోడగుట్టపల్లి.

ఎన్ని లక్షల టికెట్లు కొట్టి ఉంటానో, ఒక్కదాన్నీ అంతసేపు చూడలేదు. కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బాలకిష్టయ్య మూట గడప లోపల పెట్టి, "ఆ దినం పెట్టిన నా సంతకం కొట్టేయమని అర్జీ ఇచ్చిన అమ్మా," అన్నాడు.

వాళ్లు వెళ్లాక సంజాయిషీ రాశాను. రెండే వాక్యాలు. "విప్పింది నేనే. ఎందుకు విప్పానో జతపరిచిన టికెట్‌లో ఉంది." ఈ టికెట్ల మీద అక్షరాలు నిలవవు, ఎండ తగిలితే పోతాయి. అందుకని పొద్దున్నే బస్టాండు ఎదుట రెండు జిరాక్సులు తీయించాను. ఒకటి సంజాయిషీతో డిపోకు, ఒకటి నాకు.