పదకొండో నంబరు కట్ట

శౌరమ్మకు వరితో నలభై ఏళ్ల పరిచయం. నాట్లు వేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది. పిలకలు లెక్కపెట్టడానికి కూడా మనిషిని కూలికి పిలుస్తారని మాత్రం వినీల వచ్చేదాకా ఆమెకు తెలియదు.

వినీల వరి మీద పరిశోధన చేసే అమ్మాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అద్దెకుంటూ, రోజూ స్కూటీ మీద కంకిపాడు దాటి పొలానికి వచ్చేది. గాలికి పడిపోని గట్టి కాడ, కంకి వెన్నుకు ఎక్కువ గింజలు. ఈ రెండూ ఒకే మొక్కలో తేవాలని ఆమె పట్టుదల. అందుకని ఇక్కడి రైతులు ఇష్టపడే పాత రకమొకటి తీసుకుని, దాని జన్యువుల్లో ఒక్కోసారి ఒక్కో చోట చిన్న దిద్దుబాటు చేసింది. అలా పుట్టిన రకాలు పదిహేను. ఏ మార్పూ చేయని అసలు రకంతో కలిపి పదహారు చిన్న మళ్లు నాటించింది.

"బయటినుంచి ఏమీ కలపలేదు శౌరమ్మగారూ. ఉన్న మాటలోనే ఒక అక్షరం మార్చినట్టు," అని చెప్పిందొకసారి.

"అక్షరం మారితే మాటే మారిపోదా అండీ?"

"మారుతుంది. మంచి మాటయిందా, తప్పు మాటయిందా అని చూడ్డానికేగా మనిద్దరం ఈ బురదలో తిరుగుతున్నది!"

సార్వా పంటకాలమంతా శౌరమ్మ ఆ మళ్లలోనే ఉంది. దుబ్బుకెన్ని పిలకలు, వెన్నుకెన్ని గింజలు, అందులో గింజపట్టని తాలెన్ని అని లెక్క చెబుతుంటే వినీల రాసుకునేది. ఒక్కో రకం కాడ వేళ్లకు ఒక్కోలా తగిలేది. ఆరో నంబరుకి పిలకలు తక్కువని వినీల దాని మీద ఆశ వదిలేసుకుంది.

డిసెంబరులో వాయుగుండం కబురొచ్చింది. ఇద్దరూ మరో నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని హడావిడిగా కోయించారు. ఏ మడి పంట ఆ మడికే కట్ట కట్టి, నంబరు రాసిన అట్టముక్క తగిలించి, రేకుల షెడ్డులో పెట్టారు. ఆ సాయంత్రమే వాన అందుకుంది. రోడ్డు మీద నీళ్లు పారడంతో వినీల విజయవాడలోనే చిక్కుపడిపోయింది.

పొద్దున శౌరమ్మ వెళ్లి చూస్తే షెడ్డు మీద రేకు ఒకటి లేచిపోయింది. కట్టలు తడిశాయి. ఏడింటి అట్టముక్కలు దారం దగ్గర నాని, చిరిగి, కింద బురదలో పడి ఉన్నాయి. ఫోను చేద్దామంటే కలవలేదు. ఒక్కో కట్టా ముందేసుకుని, కాడ నలిపి, వెన్ను ఎత్తి చూసి, ఇది ఫలానాది అనుకుంటూ అట్టలు మళ్లీ కట్టింది. అయిదింటి విషయంలో అనుమానం లేదు. మిగతా రెండూ నానిపోయి ఒకేలా బరువుగా ఉండటంతో ఏది ఆరో, ఏది పదకొండో అని చాలాసేపు తటపటాయించి, చివరికి కట్టేసింది.

మర్నాడు వినీల గుండెలు చేత్తో పట్టుకుని వచ్చింది. అన్నిటికీ నంబర్లు ఉండటం చూసి శౌరమ్మను గట్టిగా వాటేసుకుంది. "మీరు లేకపోతే నాలుగేళ్ల పని నీళ్లపాలయ్యేది." అట్టలు ఊడిపోయిన సంగతి చెప్పకుండానే శౌరమ్మ కట్టలు ఆరబెట్టడానికి కదిలింది.

నూర్చి తూకం వేస్తే పదకొండో నంబరు అన్నిటికన్నా ఎక్కువ తూగింది. వినీల కళ్లు మెరిశాయి.

"వచ్చే నెల హైదరాబాద్‌లో దీని గురించి చెప్పాలి. అన్నీ కలిసొస్తే కొన్నేళ్లలో రైతుల చేతికి వెళ్తుంది."

"కౌలు రైతులకి కూడానా అండీ?"

"ముందు అక్కర వాళ్లకేగా."

శౌరమ్మ తమ్ముడు జాన్‌బాబు కౌలు రైతే. అదే గాలికి అతని చేను నేలమట్టమై, గింజ నీళ్లలోనే మొలకెత్తింది. తన చేత్తో తప్పు నంబరు కట్టి ఉంటే, ఆ విత్తనం ఏదో ఒకనాడు అలాంటి వాడి చేలోకి పోతుందన్న ఆలోచన ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం గుళ్లో, ఫాదరుకి తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనానికి వరసలో నిలబడింది. తన వంతు వస్తుండగా, ఈ మాట వినాల్సింది ఫాదరు కాదనిపించి బయటికొచ్చేసింది. బస్సెక్కి సరాసరి వినీల ఇంటికెళ్లింది.

నిలబడే మొత్తం చెప్పేసింది. వినీల మొహం పాలిపోయింది.

"ఆ రోజే చెప్పొచ్చుగా శౌరమ్మగారూ?"

"మీరు మెచ్చుకునేసరికి నోరు రాలేదండీ. తప్పు నాదే."

"నాకు కొంచెం టైమ్ ఇవ్వండి. ఇప్పుడేమీ మాట్లాడలేను," అంటూ వినీల లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఇక తనను పిలవరని శౌరమ్మ ఖాయం చేసుకుంది. మినుము చేలో కలుపు పనికి కుదిరింది. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వినీల ఆ చేను గట్టు వెతుక్కుంటూ వచ్చింది.

"కూర్చోండి. అన్ని కట్టల గింజలూ మొలకెత్తించి, ఆకులు ల్యాబ్‌లో పరీక్ష చేయించా. ఎక్కడ దిద్దామో ఆ గుర్తు ఆకు జన్యువుల్లోనే ఉంటుంది. ఏడింట్లో అయిదు మీరు సరిగ్గానే కట్టారు. ఆరూ పదకొండూ తారుమారయ్యాయి."

శౌరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అంటే ఎక్కువ తూగింది ఆరోదా అండీ?"

"ఆరోదే. నేను అవతల పడేద్దామనుకున్నదే."

"పిలకలు తక్కువే గాని వెన్ను బరువండీ దానికి. చేతికి తెలుస్తా ఉండేది. పెద్ద చదువులోళ్లు, నేనేం చెబుతాలే అని ఊరుకున్నా."

"ఇకనుంచి ఊరుకోకండి." వినీల ఆమె పక్కనే గట్టు మీద కూర్చుంది. "ఆ రోజు మీ మీద చాలా కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, వాన ముంచుకొస్తుంటే అట్టముక్కలు కట్టించింది నేనేగా. హైదరాబాద్‌లో కూడా జరిగింది జరిగినట్టే చెప్పా. ఒక్క పంటతో ఏదీ తేలదు, మళ్లీ వేసి చూడమన్నారు."

"మళ్లీ ఎప్పుడేస్తారండీ?"

"నారు పోసేశా. నాట్లు బుధవారం. మీరు వస్తారా?"

శౌరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మినుము సాలులో తాను వదిలేసి వచ్చిన చోటు చూసుకుంది.

"ఈ చేను రేపటికి అయిపోద్దండీ. బుధవారం పొద్దున్నే వచ్చేస్తా," అంది.