పాత దారిలో మొదటి దుబ్బు

మంచు కరిగాక పాత దారి పక్కన ముందుగా పచ్చబడేది అడవి ఉల్లి. మా ఆవిడ లెనోరా బతికి ఉన్నంత కాలం ఏటా ఆ రోజుల్లో నన్ను ట్రక్కులో అక్కడికి బయలుదేరదీసేది. వంపుకు ఇవతల మొదట కనిపించే దుబ్బును మేము కోయము. ఇక్కడి ఆదివాసులం, సెనెకాలమందరమూ అంతే. దాని పక్కన చిటికెడు పొగాకు ఉంచి, వచ్చామని చెప్పి, తర్వాతి దుబ్బుల దగ్గరికి వెళతాము. లెనోరా మాత్రం చెప్పవలసింది చెప్పాక కూడా లేచేది కాదు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన ఆమె పుట్టిల్లు ఆ దారి చివరే ఉండేది. ఇంటి కబుర్లన్నీ ఆ ఆకులతో చెప్పుకునేది.

ఆమె లేకుండా వచ్చిన మొదటి వసంతం ఇది. నేను వెళ్లేసరికి ఆ దుబ్బుకు అటూ ఇటూ ఎర్రగుడ్డ కట్టిన మేకులు దిగి ఉన్నాయి. మా దారుల పని చూసే కోరిన్ అక్కడే ఉంది. లెనోరాకు అక్క కూతురు. పక్కన పార మీద ఆనుకుని లెనోరా తమ్ముడు ఎల్డన్.

“బావొచ్చాడు. ఇక ఇవాళ పని అయినట్టే,” అన్నాడు ఎల్డన్. “కాలేజీలో చదివినవాళ్లకి మేకు కనపడితే చాలు, పది ప్రశ్నలు పుడతాయి.”

“నాకు ఒకటే పుట్టింది. ఇక్కడేం కడుతున్నారు?”

“గేటు, బాబాయ్,” అంది కోరిన్. “ఇకనుంచి బళ్లు ఇక్కడే ఆగాలి. తిప్పుకోడానికి కంకర పోస్తాం.”

“కంకర ఎక్కడిదాకా?”

ఆమె దుబ్బుకు అవతలి మేకు చూపించింది.

“గేటు కాస్త ముందుకు జరపకూడదా, అమ్మాయ్?”

“అది పిన్ని దుబ్బని నాకు తెలీదా? రా, అలా నడిచొద్దాం.”

కుదరదని అక్కడే అనేయవచ్చు. అనలేదు. నా మోకాళ్లకు తగ్గట్టు మెల్లగా నడిచింది. వంపు దాటాక తారు ఎప్పటిలాగే ఉంది, మధ్యలో వెలిసిపోయిన పసుపు గీతతో. కోరిన్ నన్ను గట్టు మీదుగా పక్కకు దింపి, వంగి చూడమంది. దారి కింద మట్టి లేదు. డ్యామ్ నీళ్లు లోపలికంటా కోసేశాయి. తారు పలక ఒట్టి గాలి మీద నిలబడి ఉంది.

“పైనుంచి చూస్తే ఏమీ తెలీదు,” అంది. “వంపు దాటితే బండి తిప్పే చోటూ లేదు. పోయినేడు మీరిద్దరూ ఇక్కడే ఆపుకుని కూర్చున్నారుగా?”

కూర్చున్నాము. ఇంజను నడుస్తుండగానే, ఒళ్లో ఉల్లి ఆకులు పెట్టుకుని, లెనోరా నీళ్ల వైపు చూస్తూ ఉంది.

“గేటు అక్కడే పెట్టు,” అన్నాను.

తిరిగి వచ్చేసరికి ఎల్డన్ బకెట్ సిద్ధం చేశాడు. “మట్టితో సహా లేపి మీ పెరట్లో పెడతా బావా.”

“మొదటిదాన్ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారా మావయ్యా?” అంది కోరిన్. “అమ్మమ్మ నీకేం నేర్పింది?”

“తినడం నేర్పింది.”

గేటుకు అవతల, నడిచి వెళ్లేవాళ్లకు మొదట ఎదురయ్యే చోట నాటుదామని అనుకున్నాము. కానీ ముట్టుకునే ముందు దానికి చెప్పాలి. నేను మోకాళ్ల మీద కూర్చుని పొగాకు ఉంచాను. మా భాష నాకు సగమే వచ్చు. ఇన్నేళ్లూ మా ఇద్దరి తరఫునా లెనోరాయే మాట్లాడేది. వచ్చానన్నాను. దారి పాడైందన్నాను. లెనోరా రాదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట ఎలా అనాలో నాకు తెలియదు.

ఎల్డన్ పార పక్కన పెట్టి నా పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్క మాటే మెల్లగా అందించాడు. నేను అతని వెంట పలికాను. చివర ఇద్దరమూ “న్యావె” అని కృతజ్ఞత చెప్పుకున్నాము. అక్క పోయాక అతని నోట ఆమె పేరు వినడం నాకు అదే మొదలు.

తర్వాత కోరిన్ చేతులతోనే మట్టి తవ్వింది. వేర్లు తెగకుండా దుబ్బును ఎత్తి, ముగ్గురమూ అవతల నాటాము.

వాళ్లిద్దరూ గేటు స్తంభాలకు గుంటలు తీసే పనిలో పడ్డారు. నేను గట్టు వెంబడి తర్వాతి దుబ్బుల వరకు వెళ్లి, బంగాళాదుంపల్లో వేసి వేయించడానికి ముగ్గురికి సరిపడా కోశాను. అంత దూరం నేనెప్పుడూ నడిచి వెళ్లలేదు. కింద నీళ్లు ఒడ్డుకు తగిలే చప్పుడు వినిపించింది. ట్రక్కులో ఉన్నప్పుడు ఎన్నడూ వినలేదు. మునిగిన లెనోరా వాళ్ల ఇల్లు ఉన్న వైపు నుంచే వస్తోంది.

ఆకులు చేతిలో వాడిపోతున్నా అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపైనా ఇద్దరిలో ఎవరూ నన్ను పిలవలేదు.