ఇది దారి కాదు

నార్మన్ ట్రాంటర్ ముప్ఫై నాలుగేళ్ళపాటు హోప్‌స్లీ ఊళ్ళో ఉత్తరాలు పంచాడు. అందుకుగాను వీడ్కోలు సభలో ఊరివాళ్ళు అతనికి ఒక గోడగడియారం ఇచ్చారు. ఊరి కుక్కలు మాత్రం సభ దాకా ఆగలేదు, ఇవ్వవలసినవి ఎప్పటికప్పుడే ఇచ్చేశాయి. మోకాళ్ళ కింద తొమ్మిది చోట్ల వాటి పళ్ళ గుర్తులున్నాయి. ఏ గుర్తు ఏ ఇంటి కుక్కదో, ఆ రోజు ఆ ఇల్లాలు "అయ్యో, మా బంగారం ఎప్పుడూ ఇలా చెయ్యదే!" అని ఎంత ఆశ్చర్యపోయిందో తేదీలతో సహా చెప్పగలడు.

అలాంటి మనిషి ఉద్యోగం మానిన పదో రోజున అతని భార్య గ్లెనిస్ కారు వెనక సీట్లో రెండు కుక్కలను ఎక్కించుకుని వచ్చింది.

"ఏంటివి?" అన్నాడు నార్మన్ గుమ్మంలో నిలబడి.

"కుక్కలు. ముప్ఫై నాలుగేళ్ళు వాటితో గడిపావు, ఆ మాత్రం గుర్తుపట్టలేవూ?"

"ఎవరికని?"

"నీకే. పది రోజులుగా నా వంటింట్లో కూచుని క్యారెట్లు ఎలా తరగాలో నాకు చెబుతున్నావు. ఇకనుంచి రోజుకు రెండుసార్లు వీటిని తిప్పుకురా. క్యారెట్ల సంగతి నేను చూసుకుంటాను."

రెండూ దిక్కులేని కుక్కల ఆశ్రమం నుంచి వచ్చినవే. ఒకటి పందాల్లో పరిగెత్తి రిటైరైన గ్రేహౌండ్, పేరు కల్నల్. ఒక జన్మకు సరిపడా పరిగెత్తేశానని దానికి గట్టి నమ్మకం. వచ్చిన గంటలో నార్మన్ కుర్చీ ఎక్కి నాలుగు కాళ్ళూ పైకి పెట్టి పడుకుంది. రెండోది మేబెల్ అనే టెర్రియర్. ఆకారం చూస్తే చెప్పులజోడంత, కోపం చూస్తే ఆంబోతంత. అంతకుముందు మూడిళ్ళవాళ్ళు దాన్ని పెంచుకుని తిరిగి అప్పగించారు. మూడిళ్ళదీ ఒకటే ఫిర్యాదు, పోస్ట్‌మాన్ కనబడితే వదలదని.

"ఈ సంగతి తెలిసే తెచ్చావా?"

"తెలిసే తెచ్చాను. నువ్విప్పుడు పోస్ట్‌మాన్‌వి కావుగా!"

మేబెల్‌కు ఆ తేడా అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నార్మన్ ప్యాంట్లు రెండు పాతగుడ్డల సంచిలోకి చేరాయి.

అది అక్టోబరు. ఇంగ్లండ్ శరత్తు ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే క్యాలెండరు బొమ్మల్లోనే చూడాలి, బొమ్మల్లో బురద ఉండదు కాబట్టి. నార్మన్ వెళ్ళే దారిలో బురద రబ్బరు బూట్లు సగానికి పైగా మునిగేంత ఉండేది. ఇంటి పక్క సందులోంచి బయలుదేరి, పాత మిల్లు ఇంటివాళ్ళ ఆపిల్ తోట అంచునే నడిచి, కంచె దాటడానికి వేసిన మెట్లు ఎక్కి దిగి, హ్యూ బెడోస్ గొర్రెల పొలంలోంచి చర్చి రోడ్డు మీదికి తేలాలి. నలభై నిమిషాల నడక. తాతల నాటి నుంచి ఊరంతా అటే నడిచేది. కల్నల్ వాన చినుకు పడితే చాలు, కదలనని మొరాయించేది. మేబెల్ వానకే ఎదురెళ్ళి మొరిగేది. ఒకదాన్ని లాగుతూ, ఇంకొకదాని వెనక తను లాగబడుతూ, నార్మన్ రెండు చేతులూ చాచి దిష్టిబొమ్మలా నడిచేవాడు.

"ఎలా ఉన్నాయి నీ పిల్లలు?" అనేవారు ఎదురైనవాళ్ళు.

"నా పిల్లలు కావు, గ్లెనిస్‌వి," అనేవాడు నార్మన్, జేబులోంచి బిస్కెట్టు తీసి చెరి సగం పెడుతూ.

నవంబరు మొదటి వారంలో తోట మొదట్లో తాళం వేసిన కొత్త గేటు, దాని మీద ఒక బోర్డు వెలిశాయి. 'ఇది దారి కాదు. ప్రైవేటు స్థలం.' పాత మిల్లు ఇంటిని ఆ వేసవిలోనే లండన్ నుంచి వచ్చిన క్వెంటిన్ ఫ్యారడే అనే ఆయన కొన్నాడు. పల్లె ప్రశాంతత మీద ఆయనకు విపరీతమైన ప్రేమ. ఆ ప్రశాంతతలో పల్లెవాళ్ళు కూడా ఉంటారని కొన్న తర్వాతే తెలిసింది.

నార్మన్ గేటు ముందు నిలబడి బోర్డు చదువుతుంటే ఫ్యారడే స్వయంగా వచ్చాడు. ఒంటి మీదవన్నీ పల్లెటూరి బట్టలే, ఒక్కదాని మీదా పల్లెటూరి మరక లేదు.

"క్షమించాలి, మీరు బోర్డు చూడలేదేమో."

"క్షమించాలి, చూశానండీ. దారికి అడ్డంగా పెడితే చూడకుండా ఎలా ఉంటాను?"

"అదేనండీ నా మనవి. ఇక్కడ దారి లేదు."

"మరి నేను దేని మీద నిలబడ్డానంటారు?"

"క్షమించాలి, నా గడ్డి మీద."

అలా అయిదు నిమిషాల్లో ఇద్దరూ కలిపి ఒకరినొకరు ఏడుసార్లు క్షమించమన్నారు. హోప్‌స్లీలో అంతకు మించి తిట్టుకోవడం ఎవరూ ఎరుగరు. ఈలోగా మేబెల్ గేటు కిందనుంచి దూరి ఫ్యారడే కొత్త బూటు మీద తన అభిప్రాయం తడిగా తెలియజేసింది.

ఆ రోజు నుంచి నడక తారురోడ్డు మీదే. చలికాలం సూర్యుడు మధ్యాహ్నం నాలుగింటికే దుకాణం కట్టేసేవాడు. పక్కన నడిచే జాగా లేని ఇరుకు రోడ్డు, వచ్చే లారీ పోయే లారీ ఇంత బురదనీళ్ళు ముఖాన కొట్టి పోయేవి. కల్నల్ కోసం గ్లెనిస్ ఊదారంగు ఊలుకోటు అల్లింది. అది తొడుక్కుని కల్నల్ రోజూ ఆ గేటు దగ్గర ఆగేది. పెన్షను ఆగిపోయిన పెద్దమనిషిలా దానికేసి చూస్తూ నిలబడేది. బోర్డు చదివి వినిపించినా లాభం లేకపోయింది.

జనవరిలో ఒక ఉదయం రోడ్డంతా అద్దంలా గడ్డకట్టింది. మలుపులో ఒక వ్యాను మరీ దగ్గరగా వచ్చింది. కల్నల్ బెదిరి, జారి, రోడ్డు పక్క గుంటలో పడింది. ముందుకాలు చీరుకుని నెత్తురు కారింది. లేచి నిలబడింది గాని కాలు మోపలేకపోయింది. నార్మన్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ముప్ఫై కిలోల కుక్కను రెండు చేతులా ఎత్తుకుని, మేబెల్ పట్టీని మణికట్టుకు చుట్టుకుని, అరమైలు నడిచాడు. మోకాళ్ళు చేసిన చప్పుడు అతనికే వినబడింది. చిత్రంగా, దారి పొడుగునా మేబెల్ ఒక్కసారి మొరగలేదు.

గ్లెనిస్ తలుపు తీసి నోరు తెరిచింది. నార్మన్ కోటు కుక్క ఒంటి మీద ఉంది.

"నీకు కుక్కలంటే పడదుగా!"

"పడదు. కుంటుకుంటూ వస్తే టీకి ఆలస్యమవుతుందని ఎత్తుకొచ్చాను. నిలబడి చూస్తావేం, డాక్టరుకు ఫోన్ చెయ్యి!"

కాలికి ఎనిమిది కుట్లు పడ్డాయి. కల్నల్ కుర్చీలో పడుకుని కట్టుకట్టిన కాలిని చూసుకుంటుంటే, నార్మన్ బల్ల ముందు కూచుని జిల్లా కౌన్సిల్‌కు దరఖాస్తు రాశాడు. ఆ దారిని జనం ఇరవై ఏళ్ళుగా, ఎవరినీ అడక్కుండా, దాక్కోకుండా వాడుతున్నారని రుజువు చేస్తే అది ప్రజల దారి అవుతుంది. కావలసిందల్లా సాక్షుల సంతకాలు. ఊళ్ళో అందరూ నడిచినవాళ్ళే, సంతకాలకు కొదవేముంది?

నిజంగానే కొదవ లేకపోయింది, మాటల వరకు. "దారుణం! ఆయనెవరండీ మన దారి మూయడానికి? మేమంతా నీ వెనకే ఉన్నాం నార్మన్," అన్నారు అందరూ. ఎంత వెనక ఉన్నారంటే, కాగితం పట్టుకుని అతను వెనక్కి తిరిగితే ఒక్కరూ కనబడలేదు. ఎందుకంటే, ఆ వారమే ఫ్యారడే ఊరందరినీ వైన్‌కు పిలిచాడు. ఆయన జున్నుముక్క తిని ఆయన మీదే సంతకం పెట్టడం మర్యాద కాదు కదా! మర్యాద దగ్గర హోప్‌స్లీకి వంక పెట్టడానికి లేదు.

గ్లెనిస్ ఒక్కతే సంతకం పెట్టింది. కౌన్సిల్ అధికారి మార్చిలో జవాబు రాశాడు. ఒక్క ఇంటి సాక్ష్యం చాలదట. నార్మన్ సాక్ష్యమైతే అసలే చెల్లదట. అతను ఆ దారిన నడిచింది ఉద్యోగరీత్యా కాబట్టి అది నడక కింద రాదు, మామూలు మనిషిగా నడిచింది అయిదు వారాలు మాత్రమే.

"ముప్ఫై నాలుగేళ్ళు నడిచాను," అన్నాడు నార్మన్ ఉత్తరం మడిచి.

"నడవలేదట. రాశాడుగా," అంది గ్లెనిస్. "మరి ఆ కాట్లన్నీ ఎవరికి పడ్డట్టో కనుక్కో."

ఏప్రిల్ వచ్చింది. అడవిలో నీలం పూలు విచ్చుకున్నాయి, పొలాల్లో గొర్రెపిల్లలు గెంతులేశాయి, వాన మాత్రం అలాగే ఉంది, కొంచెం వెచ్చబడిందంతే. కుక్క లేనివాడు పల్లెటూరివాడే కాదని వైన్ విందులో ఎవరో అన్నారట. ఫ్యారడే ఒక కుక్కను కొన్నాడు. పూడుల్‌కూ లాబ్రడార్‌కూ పుట్టిన ఉంగరాల జుట్టు కుక్క. దాని పేరు టార్క్విన్, దాని వంశవృక్షం ఆయన వంశవృక్షం కన్నా పొడుగు. మెడకు పట్టీ వేస్తే దాని వ్యక్తిత్వం దెబ్బతింటుందని పుస్తకంలో చదివి, వదిలేసి తిప్పేవాడు. రెండో రోజునే వ్యక్తిత్వం కంచె దూకి, హ్యూ బెడోస్ పొలంలో ఈనబోతున్న గొర్రెలను చర్చి గోడ దాకా తరిమింది.

మర్నాటికి పొలం వైపు కూడా ఒక బోర్డు లేచింది. రైతు రాత కాబట్టి అక్షరాలు వంకరగా ఉన్నాయి, భావం మాత్రం తిన్నగా ఉంది.

సంతలో హ్యూ కనబడి నార్మన్ భుజం మీద చెయ్యేశాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు. "ఒరేయ్, ఆ బోర్డు నీక్కాదు. నీ రెండూ ఎప్పుడైనా రావచ్చు. ఆ ఉంగరాల జుట్టుది కాలు పెడితే మాత్రం దాన్ని కూడా బొచ్చు కత్తిరించి అమ్మేస్తా."

"ఎలా రమ్మంటావురా, వాడి తోట మీంచి ఎగిరా?"

"అదీ నిజమే," అని హ్యూ చాలాసేపు ఆలోచించాడు. సహాయం అంతటితో అయిపోయింది.

ఇక ఫ్యారడే కూడా, లారీల భయానికి టార్క్విన్ మెడకు పట్టీ వేసి, తారురోడ్డు మీదికి వచ్చాడు. మే, జూన్ నెలల్లో రోజూ ఆ ఇరుకు రోడ్డు మీద ఇద్దరూ ఎదురయ్యేవారు. అటు ఒకటి, ఇటు రెండు. ఎండ కాసిన నాలుగు రోజులూ తారు మెత్తబడి కుక్కల అరికాళ్ళు కాలేవి. జూలైలో లారీ హారన్‌కు టార్క్విన్ బెదిరి ఆయనను ముళ్ళపొదలోకి ఈడ్చింది. నార్మన్ ఆగి, చెయ్యందించి, పైకి లాగాడు.

"క్షమించాలి," అన్నాడు ఫ్యారడే, ముళ్ళు తీసుకుంటూ.

"మంచి దారండీ ఇది," అన్నాడు నార్మన్. "మీరన్నట్టు, ఆ రెండోది అసలు లేదు కాబట్టి."

ఆగస్టులో ఒక సాయంత్రం ఫ్యారడే తలుపు తట్టాడు. చేతిలో కౌన్సిల్ దరఖాస్తు ఉంది. గ్లెనిస్ ఆయనను వంటింట్లో కూచోబెట్టి టీ పోసింది. మేబెల్ బల్ల కింద చేరి ఆయన బూటు తాడు నమలసాగింది.

"బెడోస్ గారు దారి మూసేశారండీ. ఇరవై ఏళ్ళ వాడుక ఉంటే ఎవరూ మూయడానికి వీల్లేదట. నాకు ఇప్పుడే తెలిసింది!"

"అలాగా?" అన్నాడు నార్మన్. "ఎంత అన్యాయం! దారి ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని రాశారు?"

"పొలం దగ్గర్నుంచి చర్చి దాకా."

"పొలం దగ్గరికి జనం ఎలా వెళ్తారు? ప్రజల దారికి మొదలు కూడా రోడ్డు మీదే ఉండాలట, నేను చదివాను."

"నా తోటలోంచి వెళ్తాను కదా."

"తోటలోకి ఎలా వస్తారు?"

"మా ఇంట్లోంచి."

"అయితే మీ ఇంట్లోంచే ప్రజల దారి అని రాద్దామా? ఏవండీ, జనం వంటింట్లోంచి పోతే మంచిదా, పడగ్గదిలోంచా?"

గ్లెనిస్ గబగబా సింకు వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

ఫ్యారడే పెన్ను తీసుకుని దరఖాస్తులోని పటం చూశాడు. తర్వాత నార్మన్ ఇంటి పక్క సందు నుంచి మొదలుపెట్టి, తన తోట అంచు మీదుగా, పొలం మీదుగా, చర్చి రోడ్డు దాకా ఒక గీత గీశాడు. తోట దగ్గర గీత కొంచెం వణికింది.

"తాళం రేపు తీయిస్తాను," అన్నాడు.

"రేపెందుకండీ శ్రమ? ఇప్పుడు వెలుతురు ఉందిగా," అన్నాడు నార్మన్, పట్టీలు అందుకుంటూ.

ఆ సాయంత్రమే గేటు తెరుచుకుంది. మర్నాడు ఫ్యారడే స్వయంగా కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే పదహారు మంది సంతకాలు పెట్టారు. "నార్మన్‌కు మేం మొదటినుంచీ చెబుతూనే ఉన్నాం," అన్నారు పదహారు మందీ. మెడకు పట్టీ ఉంటే టార్క్విన్ కూడా రావచ్చని హ్యూ ఒప్పుకున్నాడు. తన బోర్డు పీకి కోళ్ళగూడు కన్నానికి కొట్టాడు.

సెప్టెంబరు చివర కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. గ్లెనిస్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. దరఖాస్తు అందింది, సంతోషం. వరసలో దీనికి ముందు చాలా ఉన్నాయి. విచారణకు సుమారు ఆరేళ్ళు పట్టవచ్చు.

"ఆరేళ్ళా! అప్పటికి కల్నల్‌కు పదమూడు నిండుతాయి," అంది. గ్రేహౌండ్లు పన్నెండు దాటడం అరుదు.

నార్మన్ బూట్లు తొడుక్కుంటూ కుర్చీకేసి చూశాడు. కల్నల్ ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తోంది.

"దానికి చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "పద, కల్నల్. రావే, మేబెల్."

బయట ఆపిల్ పళ్ళు రాలే కాలం. తోట అంచున రాలిన పళ్ళను మేబెల్ ఒక్కొక్కటే కొరికి, నచ్చక, అక్కడే వదిలేస్తూ ముందుకు సాగింది. కంచె మెట్ల దగ్గర నార్మన్ వంగి, మోకాళ్ళు మూలుగుతుంటే, కల్నల్‌ను ఎత్తి అవతలికి దించాడు.