శ్రుతి ఆగలేదు

నోట్లోంచి పీక తీశాను. శ్రుతి ఆగలేదు.

సింగరాయకొండలో పెళ్లి. పొద్దున పదిన్నర ముహూర్తం. మా అన్న హయాత్‌ది సన్నాయి, ఆదెయ్యది డోలు, నాది శ్రుతి. శ్రుతి కూడా సన్నాయి లాంటిదే, కాని వేళ్లు ఆడించే రంధ్రాలు మైనంతో మూసి ఉంటాయి. ఒకటే స్వరం. ఊదే పీక నోట్లో పెట్టి, ముక్కుతో పీలుస్తూ, బుగ్గలతో ఊదుతూ, అన్న పాట అయ్యేదాకా తెగకుండా పట్టాలి. నలభై ఏళ్లుగా అదే పని. పాట నాకు రాదు.

ఆ రోజు దగ్గొచ్చి పీక తీశాను. నా స్వరం మాత్రం వెనక స్పీకరులోంచి వస్తూనే ఉంది.

చేతిలో గొట్టం చూసుకున్నాను. అన్న వైపు తిరిగాను. వేళ్లు ఆడుతున్నాయి. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అన్న ఊదితే మెడ మీద నరం వేలంత లేస్తుంది. అది లేవలేదు.

పాట అయింది.

"ఎప్పట్నించి?" అన్నాను.

అన్న సన్నాయి దించాడు. "మూడు పెళ్లిళ్లయింది."

"ఎందుకు?"

"ఊపిరి లేదురా సాదిక్. ఇంకోసారి ఊదితే ఆస్పత్రికి కూడా రావొద్దన్నాడు డాక్టరు. నాలుగేళ్ల కింద మనిద్దరం ఇంట్లో ఊదింది ఫోనులో ఉంది. ప్రభు అది పెడుతున్నాడు."

ప్రభు మైకు సెట్టు మనిషి. తలొంచుకుని వైర్లు సర్దుతున్నాడు.

"ఆదెయ్యా, నీకూ తెలుసా?"

"నా డోలు నిజమే కదా బావా. నన్నెందుకు లాగుతావు?"

"మరి నా మైకు?"

"దాంట్లో కరెంటు లేదు బాబాయ్," అన్నాడు ప్రభు.

మూడు పెళ్లిళ్లు. గుండెలు నొప్పెట్టేదాకా ఊదాను.

"నాకు చెప్పొద్దా అన్నా?"

"చెబితే నువ్వు ఊదవు. ఉత్తుత్తికి బుగ్గలు ఉబ్బించడం నీకు చేతకాదు. పక్కన ఒక్కడన్నా నిజంగా ఊదుతుంటే..."

పంతులు గారు వేలు ఆడించి "గట్టిమేళం" అన్నారు.

ఆ మాట వింటే మేళం ఒక్కసారిగా హోరెత్తాలి. మూడు ముళ్లూ పడేదాకా ఆగకూడదు. ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డ మాటా పెళ్లికూతురి చెవిన పడకూడదు. మధ్యలో ఆగిన మేళాన్ని ఇంకో ఇంటివాళ్లు పిలవరు.

ప్రభు ఫోను నొక్కాడు. స్పీకరు మోగింది. ఆదెయ్య డోలు అందుకున్నాడు. మొదటి ముడి పడింది.

వీడియో అతను చెయ్యెత్తాడు. "అన్నా, ముడి అట్టే పట్టుకుని ఇటు చూడు. వదినా, నువ్వు కొంచెం నవ్వాలి. ఇంకోసారి."

పెళ్లికొడుకు ముడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఫోనులో గట్టిమేళం ఒక్క నిమిషమే ఉంది. ఇంట్లో ఊదిన రోజు, ఫోటోల కోసం ముడి ఇంతసేపు ఆగుతుందని ఎవరనుకున్నారు? అది అయిపోయింది. స్పీకరు మూగబోయింది. ఆ దెబ్బకి ఆదెయ్య చేతులు కూడా గాల్లో ఆగాయి. మండపంలో ఎవరో దగ్గారు. తలలన్నీ మా వైపు తిరిగాయి.

అన్న వేళ్లు ఇంకా సన్నాయి మీద ఆడుతూనే ఉన్నాయి. శబ్దం లేదు. ఆపాలని కూడా అతనికి తెలియలేదు.

పీక నోట్లో ఎప్పుడు పెట్టుకున్నానో నాకు గుర్తు లేదు. ఊదాను. నాకున్న ఆ ఒక్క స్వరమే. ఆదెయ్య డోలు మీద విరుచుకుపడ్డాడు. రెండో ముడి. మూడో ముడి. అక్షింతలు మా మీద కూడా పడ్డాయి.

ప్రభు మళ్లీ ఫోను తీశాడు. అన్న వద్దని తలాడించాడు. సన్నాయిని సంచిలో పెట్టి తాడు బిగించాడు. ఆదెయ్య పక్కనున్న ఇత్తడి తాళాలు తనే చేతిలోకి తీసుకున్నాడు.

పెళ్లికూతురి నాయనమ్మ అంకమ్మ గారు మా దగ్గరికొచ్చారు. "ఏందయ్యా, పాట ఆపేసి ఊరికే బూర ఊదుతున్నారు?"

"ఇది మా తమ్ముడి పాటమ్మా," అన్నాడు అన్న. "ఇట్టాగే ఉంటది."

తాళం వేశాడు. నేను పీక తియ్యలేదు.