కెజియా కళ్ళు తెరిచినప్పుడు

"నువ్వొద్దు. అత్త ఏస్తేనే తాగుతాను" అంది కెజియా, మూతి బిగించుకుని.

పొద్దున్న ఎనిమిదిన్నరైంది. మందు పోసిన చెంచా పట్టుకుని ప్రిస్కిల్లా మంచం పక్కన వంగి నిలబడింది. పిల్లకి నాలుగేళ్ళు. గుండెకి ఆపరేషనై పద్దెనిమిది రోజులు. పిల్లని ఏడిపించకూడదని డాక్టరుగారు చెప్పారు. ఒక్క పూట కూడా మందు మానకూడదని చెప్పిందీ ఆయనే. ఆ రెండు మాటల మధ్యా ఇరుక్కుని ఆమె ఇంకోసారి బతిమాలబోయేసరికి, ఆడపడుచు సుందరి వెనకనుంచి వచ్చి "ఇలగియ్యి" అని చెంచా అందుకుంది. ఏదో పిట్ట కూత కూసింది. పిల్ల నవ్వింది. మందు లోపలికి పోయింది. గుమ్మంలో నిలబడి చూసిన భర్త ఫిన్నీ, "మా అక్క సేతిలో ఏటో ఉన్నాది" అని మురిసిపోయి, సాలూరు మెయిన్ రోడ్డులోని లారీ బుకింగ్ ఆఫీసుకి బయల్దేరిపోయాడు. ఖాళీ చెంచా మాత్రం కడగడానికి ప్రిస్కిల్లా చేతికే తిరిగొచ్చింది.

జ్ఞానసుందరి విజయనగరంలో స్టాఫ్ నర్సు. తమ్ముడి కూతురి కోసం ఇరవై రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. ఆ సెలవు గురించి చర్చిలో అందరికీ తెలుసు. ప్రిస్కిల్లా జూన్‌లో స్కూలు ఉద్యోగం మానేసిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. "మీ ఇంట్లో ఇంకెవరూ లేరా టీచర్?" అన్న హెడ్‌మాస్టరుకి తప్ప. నెలల పిల్లగా ఉన్నప్పుడు పాలు తాగుతూ తాగుతూ కెజియా ఆగిపోయి ఆయాసపడడం మొదట కనిపెట్టింది ప్రిస్కిల్లాయే. అత్తగారు జీవరత్నమ్మ అప్పుడు, "నీ పాలు పల్చన, అందుకే గుంట పుంజుకోలేదు" అంది. గుండెలో చిల్లుందని డాక్టర్లు తేల్చాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అవన్నీ ఆమె మింగేసింది. మింగుడు పడనిది ఒకటే. విశాఖలో ఆపరేషనైన రెండో రోజు, ఐసీయూ బయట కుర్చీలో ఉన్న ప్రిస్కిల్లాని ఫిన్నీ భుజం తట్టి, "అమ్మకి షుగరు కదా, నీరసంగా ఉన్నాదట. కేంటీన్లో ఇడ్లీ పట్రా" అన్నాడు. అతను ఖాళీగానే ఉన్నాడు, చేతిలో ఫోనుంది. ఆమె వెళ్ళింది. కేంటీన్ లైన్లో ఇరవై నిమిషాలు పట్టింది. సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే నర్సు తలుపు తీసి పిల్ల తల్లిని రమ్మంది. సుందరి లోపలికెళ్ళింది. ప్రిస్కిల్లా పొట్లంతో మెట్లెక్కి వచ్చేసరికి ఫిన్నీ కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "కళ్ళు తెరిసింది ప్రిస్సీ. అక్కని సూసి నవ్విందట." సాంబారు పొట్లం అరచేతిని కాలుస్తున్నా ఆమె కింద పెట్టలేకపోయింది.

పిల్ల బతికింది కదా, ఎవర్ని చూస్తే ఏం అని తనకి తానే ఎన్నోసార్లు చెప్పుకుంది. కాని అసూయకి నచ్చచెప్పడం ఎవరి వల్లా కాదు. సుందరి నవ్వితే ఆ నవ్వు మీద, సుందరి కొంగు పట్టుకుని పిల్ల పడుకుంటే ఆ కొంగు మీద కూడా కడుపు మండేది. ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఫిన్నీ లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడికి, డాక్టర్లకి వందనాలు చెప్పి, "తల్లికంటే ఎక్కువగా చూసుకున్న మా అక్కకి" అని చేతులు జోడించాడు. అందరూ స్తోత్రం అన్నారు. ప్రిస్కిల్లా కూడా అంది.

ఇంట్లో పిల్లకి చేదైన పనులన్నీ తల్లి వంతుకే వచ్చాయి. దాహమని ఏడ్చినా నీళ్ళు కొలిచే ఇవ్వాలి. ప్లాస్టరు పీకాలి, గాయం తుడవాలి, గెంతబోతే ఆపాలి. ఒంట్లో నీరు పోయే మందు వేశాక తడిసిన దుప్పట్లు రోజుకి మూడు ఉతకాలి. ఇవన్నీ అయ్యాక సుందరి వచ్చి కథ చెప్పేది. తల్లి అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, కెజియా రెండు చేతుల్తో చొక్కా గుండీలు మూసేసుకునేది.

మంగళవారం సుందరి సెలవు పొడిగించుకోడానికి విజయనగరం వెళ్ళింది. మధ్యాహ్నం చొక్కా మారుస్తుంటే గాయం కింది కొస దగ్గర ఎర్రగా ఉబ్బి కనిపించింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. థర్మామీటరు పెడితే నూటికి పైన అర. ముందు భయమేసింది. ఆ భయం వెనకే, సిగ్గులేకుండా, సంతోషం వచ్చింది. వదిన లేదు. ఈ రోజు నేనే. జ్వరమొచ్చినా, గాయం ఎర్రబడినా వెంటనే ఫోన్ చెయ్యాలని ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో రాసుంది. ఆమెకి ఆ కాగితం కంఠతా వచ్చు. కాని పిల్ల సొమ్మసిల్లినట్టు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ఆపరేషనయ్యాక అలా తనంతట తాను రావడం అదే మొదలు. ఇంకాసేపు, అనుకుంది. ఆ చిన్న తల బరువు వదులుకోలేక నలభై నిమిషాలు అలాగే కూర్చుంది. మళ్ళీ థర్మామీటరు పెడితే నూటొకటి చూపించింది. అప్పుడు తన మీద తనకే భయమేసింది. ఆస్పత్రికి ఫోన్ చేసింది, ఆ తర్వాత ఫిన్నీకి, ఆ తర్వాత సుందరికి.

కారు మాట్లాడుకుని బయల్దేరారు. విజయనగరంలో రోడ్డు పక్కన నిలబడ్డ సుందరి ఎక్కింది. సాయంత్రానికల్లా డాక్టరుగారు చూసి, కుట్టు పైపైన చీము పట్టిందని, లోపలికేం పాకలేదని, రెండు రోజులుంచి సూదిమందులు వేస్తే తగ్గిపోతుందని చెప్పారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫిన్నీ బెంచీ మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

వరండా చివర ప్రిస్కిల్లా సుందరి పక్కన నిలబడి, దాచుకోలేక చెప్పేసింది. "వదినా, జొరం సూసేక కూడా నలభై నిమిషాలు ఫోన్ సెయ్యలేదు. తెలిసే సెయ్యలేదు. నువ్వొస్తే పిల్ల నీ దగ్గిరికి పోతాదని."

తిడుతుందనుకుంది. సుందరి కిటికీవైపు తిరిగి మొదలుపెట్టింది.

"నా పెద్దోడికి ఇరవయ్యేళ్ళు. ఇప్పటికీ ఒంట్లో బాగోకపోతే మా అమ్మకి ఫోన్ సేస్తాడు, నాకు సెయ్యడు. నేను డ్యూటీల్లో ఉండేదాన్ని, అమ్మే పెంచింది మరి. నాకు ఇప్పటికీ అమ్మని సూస్తే కుళ్ళే." ప్రిస్కిల్లా వైపు తిరిగింది. "ఆ రోజు తల్లెవరని నర్సు అడిగితే నేనే లేచేను ప్రిస్సీ. రెండు నిమిషాలాగి నీకు ఫోన్ సేసుండొచ్చు. సెయ్యాలని తెలుసు నాకు. ఒక్క పిల్లయినా కళ్ళు తెరవగానే నన్ను సూడాలనిపించింది."

ప్రిస్కిల్లాకి కోపం వస్తుందనుకుంటే రాలేదు. అసూయ పోయిందనీ కాదు, అది ఉంది. కాని ఇన్నాళ్ళూ తను సుందరినే చూస్తూ, తనని కేంటీన్‌కి పంపించిన మనిషిని చూడడం మర్చిపోయిందని తెలిసింది. బెంచీ మీద ఫిన్నీ నిద్రపోతున్నాడు. పిల్ల తనకి దూరమైపోతుందని అతనికెప్పుడూ బెంగ లేదు. పిల్లకి చేదైన పనేదీ అతని చేతిమీదుగా ఎప్పుడూ జరగలేదు మరి.

శుక్రవారం ఇంటికొచ్చారు. మిగతా సెలవు వదులుకుని ఆదివారం నుంచి డ్యూటీలో చేరిపోతానంది సుందరి. శనివారం పొద్దున్న కాఫీ తాగుతున్న ఫిన్నీ ముందు ప్రిస్కిల్లా మందుల సంచి పెట్టింది. రెండు పూటలా మందులు, గాయం తుడవడం ఈ వేళ్టినుంచి అతనివేనని చెప్పింది. ఫిన్నీ ముందు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నాకెలాగ వస్తాది ప్రిస్సీ? నీకైతే అలవాటు."

"నాకూ ముందు రాదు. నేర్చుకున్నాను. నువ్వూ నేర్చుకో."

ఆఫీసుకెళ్ళేవాడికి ఈ పనులేంటని వంటింట్లోంచి జీవరత్నమ్మ సణిగింది. "నువ్వూరుకో అమ్మా" అంది సుందరి, నెమ్మదిగానే.

మొదటి చెంచా మందు చొక్కా మీద పోయింది. పిల్ల ఏడ్చింది, తండ్రి చెయ్యి తోసేసింది. ప్రిస్కిల్లాకి కాళ్ళు లేవబోయాయి, అదిమిపెట్టుకుంది. నాలుగోసారికి ఎలాగో మందు లోపలికి పోయింది. ఫిన్నీకి చెమటలు పట్టాయి. ఆఫీసుకి ఆలస్యమైపోతోందని ఒకటే గొణుగుడు.

అదయ్యాక ప్రిస్కిల్లా చేతుల్లో ఏమీ లేకుండా వెళ్ళి చాప మీద కెజియా పక్కన కూర్చుంది. పిల్ల అనుమానంగా ఆమె చేతుల వంక చూసింది, తర్వాత ముఖంలోకి చూసింది. గిన్నె మూతలు రెండు ముందుకు జరిపి అడిగింది.

"అమ్మా, నీకు ఆడుకోడం వచ్చా?"

నాలుగేళ్ళలో ఒక్కరోజైనా ఆ పిల్లకి ఆ సంగతి తెలిసే వీలు లేకపోయింది. ప్రిస్కిల్లా ఒక మూత అందుకుంది.

లోపల్నుంచి ఫిన్నీ కేకేశాడు, దూది ఎక్కడుందని.

"ఎతుక్కో" అంది ప్రిస్కిల్లా, లేవకుండా.